తెంపు – అతుకు: బాక్టీరియా పునస్సంయోజనాన్ని చెప్పే తెలుగు శాస్త్రవచనం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బాక్టీరియా కణంలో ఎంజైములు డీఎన్ఏను తెంపి తిరిగి అతికే ప్రక్రియను తెలుగు శాస్త్రవచనం ఎక్కువగా 'కత్తెర', 'జిగురు' అనే రెండు రూపకాలతో చెబుతున్నది. ఇవి ప్రయోగశాలలో మనిషి చేసే పనికి సరిపోతాయి. కణంలో సహజంగా సాగే పునస్సంయోజనానికి సరిపోవు. ఆ ప్రక్రియను చెప్పగల క్రియాపదాలు తెలుగు వృత్తిభాషలో ముందే ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చిల్లకూరు తీరప్రాంతపు రొయ్యల సాగులో ఈ భాషాలోపం ఎలాంటి అవగాహనాలోపానికి దారితీస్తున్నదో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పునస్సంయోజనం, శాస్త్రవచనం, రూపకం, కారకం, పరిభాష, రెక్‌ఏ, ఇంటిగ్రేజ్, ఇంటిగ్రాన్.

1. ప్రవేశిక

జన్యుశాస్త్రంలో తెలుగు విద్యార్థికి ముందుగా పరిచయమయ్యే రూపకం కత్తెర. ఇంటర్మీడియట్ పాఠం మొదలుకొని పోటీపరీక్షల పుస్తకాల దాకా రెస్ట్రిక్షన్ ఎంజైములు 'అణు కత్తెరలు'గా, లైగేజ్ 'జిగురు'గా దర్శనమిస్తాయి. ఈ పోలిక ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలనుంచి వచ్చింది. వచ్చినందుకు అభ్యంతరం లేదు. అయితే అది తనకు చెందిన చోటును దాటి, బాక్టీరియాలో మనిషి ప్రమేయం లేకుండా జరిగే జన్యు పునస్సంయోజనానికి కూడా ఏకైక వివరణగా మారింది. ఎంజైములు డీఎన్ఏను కత్తెరలా కత్తిరించి జిగురులా అతికిస్తాయి అన్న వాక్యం ఒకటి రాస్తే చాలు, ఆ ప్రశ్నకు సమాధానం పూర్తయిందని విద్యార్థి భావిస్తున్నాడు. ఎవరు తెంపారు, ఎందుకు తెంపారు, తెగిన కొస ఎవరి చేతిలో ఉంది, దానికి సరైన జత ఎలా దొరికింది అన్న ప్రశ్నలు ఆ వాక్యంలో పుట్టనే పుట్టవు.

1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత శాస్త్రబోధనకు కావలసిన నామవాచకాలు వేలసంఖ్యలో సిద్ధమయ్యాయి. సంయుగ్మం, జన్యు పరివర్తన, జన్యు వహనం, సమజాత క్రోమోసోములు వంటి మాటలు ఆ కృషి ఫలితాలే. అకాడమి మార్గానికి వెలుపల వేమూరి వేంకటేశ్వరరావు వంటి రచయితలు ప్రోటీనుకు 'ప్రాణ్యం' వంటి కొత్త పదాలను కల్పించి, అణుజీవశాస్త్రాన్ని ఇంటిభాషలో చెప్పడానికి పూనుకున్నారు. ఇంత జరిగినా పరిభాష గురించి మనం చేసిన చర్చ దాదాపుగా నామవాచకాలకే పరిమితమైంది. క్రియలను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. పునస్సంయోజనం క్రియాప్రధానమైన విషయం. అక్కడ పేర్లకంటె పనులు ముఖ్యం.

ఈ పరిశీలనకు చిల్లకూరును సందర్భంగా తీసుకోవడానికి కారణం ఉంది. గూడూరు పక్కనుంచి తీరంవైపు సాగే ఈ ప్రాంతం తెల్లని సిలికా ఇసుకకు, ఉప్పునీటి పాయల వెంట తవ్విన రొయ్యల గుంటలకు పేరుపొందింది. ఇక్కడి డిగ్రీ విద్యార్థుల ఇళ్ళలో 'విబ్రియో' అన్నది సూక్ష్మజీవశాస్త్రపు పదం కాదు, రోజువారీ మాట. బాక్టీరియా తన జన్యువులను ఎలా తెంపి అతుక్కుంటుందన్నది వారికి పరీక్షకు మాత్రమే పనికివచ్చే విషయం కాదు. ఆ సంగతి ఈ వ్యాసం చివరి భాగంలో వస్తుంది.

2. కత్తెర సరిపోయే చోటు

ముందుగా కత్తెరకు దక్కవలసిన గౌరవం దక్కాలి. 1950ల తొలినాళ్ళలోనే ఒక వింత కనిపించింది. ఒక రకం బాక్టీరియాలో పెరిగిన ఫాజ్, మరొక రకం బాక్టీరియాలో సరిగా పెరగలేకపోతున్నది. ఆతిథేయి వైరస్‌ను అదుపుచేస్తున్నది కనుక ఆ దృగ్విషయానికి 'రెస్ట్రిక్షన్' అని పేరు పెట్టారు. 1960లలో వెర్నర్ ఆర్బర్ దీని అంతరార్థాన్ని వివరించాడు: బాక్టీరియా తన డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు వేసుకొని, గుర్తులేని పరాయి డీఎన్ఏను కోసివేస్తుంది. 1970లో హామిల్టన్ స్మిత్ బృందం ఒక నిర్దిష్ట వరుసను గుర్తించి అక్కడే కోసే ఎంజైమును వేరుచేసింది. ఆర్బర్, స్మిత్, డేనియల్ నేథన్స్ 1978లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

కాబట్టి 'రెస్ట్రిక్షన్' అన్న పేరులో కోత లేదు, కాపలా ఉంది. నిఘంటువు చూసి 'నిర్బంధక' అనో 'పరిమిత' అనో అనువదిస్తే ఎవరు ఎవరిని నిర్బంధిస్తున్నారో తెలియదు. ఇటువంటి చోట మూలపదాన్ని తెలుగు లిపిలో ఉంచడమే మేలు. పైగా కత్తెరలన్నీ ఒకటి కావు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో దేశిరాజు ఎన్. రావు బృందం దీర్ఘకాలం అధ్యయనం చేసిన మూడవ తరగతి ఎంజైములు గుర్తుపట్టే చోటు ఒకటి, కోసే చోటు మరొకటి. చూసిన చోటును విడిచి దూరంగా కోసే కత్తెరను దర్జీ దుకాణంలో ఊహించలేం.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఈ ఎంజైములు గుర్తించే వరుసలు సాధారణంగా విలోమ సౌష్ఠవం కలవి. దీనికి ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఇచ్చే ఉదాహరణ 'మలయాళం' అన్న పదపు ఇంగ్లీషు వర్ణక్రమం. దానిని తెలుగు లిపిలో రాస్తే ఉదాహరణే నిలవదు. లకార ళకారాలు రెండూ విడిగా కనిపిస్తాయి. మనకు 'వికటకవి' సిద్ధంగా ఉంది. కాని అదీ పూర్తిగా అతకదు. వికటకవిని ఒకే వరుసలో ఎటునుంచి చదివినా అదే పదం వస్తుంది. డీఎన్ఏలో ఒక పోగును ఒక దిశలోను, దాని ఎదుటి పోగును ఎదురు దిశలోను చదివితే ఒకే వరుస వస్తుంది. 'ఈకో ఆర్ వన్' గుర్తించే జీ-ఏ-ఏ-టీ-టీ-సీ అన్న ఆరక్షరాలను ఒకే పోగు మీద తిరగేసి చదివితే వేరే వరుస వస్తుంది. ఉదాహరణ దేశీయమైనంత మాత్రాన సరైనది కానక్కరలేదు.

కత్తెర, జిగురు రెండూ నూటికి నూరుపాళ్ళు సరిపోయే చోటు టీకా తయారీ. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్‌రెడ్డి హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన 'శాన్‌వాక్-బి' భారతదేశంలో తయారైన తొలి పునస్సంయోజక హెపటైటిస్-బి టీకా. వైరస్ ఉపరితల ప్రోటీనుకు చెందిన జన్యువును ఈస్టు కణంలో ప్రవేశపెట్టి ఆ ప్రోటీనును ఉత్పత్తి చేయించడం ఆ టీకా మూలసూత్రం. ఇటువంటి నిర్మాణాలలో శాస్త్రజ్ఞుడు ఎంజైముతో కోస్తాడు, మరొక ఎంజైముతో అతికిస్తాడు.

కారకదృష్టితో చూస్తే ఆ వాక్యంలోని అసలు సంగతి బయటపడుతుంది. శాస్త్రజ్ఞుడు కర్త, ఎంజైము కరణం. కత్తెర ఎప్పుడూ కరణమే. దానిని పట్టుకొనే చేయి వేరే ఉండాలి. బాక్టీరియా కణంలో ఆ చేయి లేదు. అక్కడ ఎంజైమే కర్త. 'కత్తెర' అనగానే కర్తృత్వాన్ని మరొకరికి అప్పగించినట్లవుతుంది. 'కత్తిరించబడుతుంది', 'అతికించబడుతుంది' అనే బడు ప్రయోగాలు మిగిలిన కాస్త కర్తృత్వాన్ని కూడా చెరిపివేస్తాయి. తెలుగు నుడికారానికి బడుప్రయోగం పరాయిదని వైయాకరణులు ఏనాడో చెప్పారు. ఇక్కడ అది శైలీదోషంతో ఆగక అర్థదోషం అవుతున్నది.

3. 'పునస్సంయోజనం' అనే మాట

పునః + సంయోజనం అన్న సంధి రూపంలో పేచీ లేదు. విసర్గను నిలిపి 'పునఃసంయోజనం' అన్నా, సకారద్విత్వంతో 'పునస్సంయోజనం' అన్నా సాధువే. అర్థంలో మాత్రం చిక్కు ఉంది. 'పునః' అంటే విడిపోయినవి మళ్ళీ కలవడం అన్న స్ఫురణ వస్తుంది. జరిగేది అది కాదు. ఒకదాని ముక్క మరొకదానితో కలుస్తుంది. దీనికి తోడు రసాయనశాస్త్ర పాఠంలో 'సంయోజకత' వేరే అర్థంలో స్థిరపడి ఉంది.

ఇంగ్లీషు మాట కూడా మొదట ప్రక్రియకు పేరు కాదు, ఫలితానికి పేరు. తల్లిదండ్రుల లక్షణాలు సంతానంలో కొత్త కూర్పుగా కనిపించడాన్ని అలా పిలిచారు. 1946లో జాషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టేటమ్ చూసింది కూడా ఫలితాన్నే. వేర్వేరు పోషకాలను తయారుచేసుకోలేని రెండు రకాల ఎషరీషియా కోలైని కలిపి పెంచితే, ఏ లోపమూ లేని బాక్టీరియాలు కొన్ని పుట్టుకొచ్చాయి. లోపల ఏం జరిగిందో అప్పటికి తెలియదు.

రెండు ఊహలు పోటీపడ్డాయి. తాళపత్ర పరిష్కరణతో పరిచయమున్న పాఠకులకు వీటిని సులువుగా చెప్పవచ్చు. ఒక లేఖకుడు తొలి ఆశ్వాసాలను ఒక ప్రతినుంచి, మలి ఆశ్వాసాలను మరొక ప్రతినుంచి చూసి కొత్త ఆకులమీద రాశాడనుకోండి. సంకర పాఠం వస్తుంది, మూలప్రతులు రెండూ చెక్కుచెదరవు. ఇది ఒక ఊహ. రెండు కట్టల తాళ్ళు విప్పి, దీని ఆకులు కొన్ని, దాని ఆకులు కొన్ని ఒకే తాడుకు గుచ్చినా సంకర పాఠమే వస్తుంది. కాని ఇక్కడ కొత్త రాత లేదు, ఆకులే చేతులు మారాయి. ఇది రెండవ ఊహ. పాఠాన్ని మాత్రమే చూసి ఈ రెండింటినీ వేరుచేయలేం. ఆకును చూడాలి. 1961లో మాథ్యూ మెసెల్సన్, జీన్ వైగిల్ చేసింది సరిగ్గా అదే. లాంబ్డా ఫాజ్ డీఎన్ఏను కార్బన్, నైట్రోజన్‌ల భార ఐసోటోపులతో బరువెక్కించి, తేలిక ఫాజ్‌తో కలిపి ఒకే బాక్టీరియాలో పెంచారు. కొత్త కూర్పు గల సంతాన ఫాజ్‌లలో తల్లిదండ్రుల బరువైన డీఎన్ఏ ముక్కలే కనిపించాయి. ఆకులు చేతులు మారాయని రుజువైంది.

'తెంపి అతకడం' అన్న మాటకు ఈ ప్రయోగమే ప్రమాణం. 'పునస్సంయోజనం' శాస్త్రనామంగా ఉండనిద్దాం. స్థిరపడ్డ పదాన్ని మార్చాలనడం వృథా ప్రయాస. అయితే ఆ నామవాచకం ఫలితాన్ని మాత్రమే చెబుతుందని, పనిని చెప్పడానికి క్రియలు వేరుగా కావాలని బోధకులు గుర్తుంచుకోవాలి.

4. విప్పడం, తరగడం, వెతకడం, పేనడం

ఇప్పుడు ఆ పనిని దగ్గరగా చూడాలి. డీఎన్ఏను తెలుగు పాఠ్యపుస్తకాలు 'ద్వికుండలి' అంటాయి. నెల్లూరు తీరంలో వలతాడు పేనేవారి భాషలో అది పురి ఎక్కిన రెండు పేటల తాడు. ఈ తాడు తెగితే బాక్టీరియాకు ప్రాణాపాయం. ఎషరీషియా కోలైలో తెగిన కొసను ముందుగా పట్టుకొనేది రెక్‌బీసీడీ అనే మూడు ప్రోటీన్ల కూటమి. పురి విప్పుతూ, విప్పిన పేటలను తరుగుతూ అది తాడు వెంట పరుగెడుతుంది. సెకనుకు సుమారు వెయ్యి క్షారజతల వేగం దానిది. ఇది తాడును నాశనం చేస్తున్నట్లే కనిపిస్తుంది. కాని జీ-సీ-టీ-జీ-జీ-టీ-జీ-జీ అన్న ఎనిమిది అక్షరాల వరుస ఎదురైనప్పుడు దాని నడత మారుతుంది. 'కై' అని పిలిచే ఈ వరుస ఎషరీషియా కోలై జన్యురాశిలో సుమారు వెయ్యిచోట్ల ఉంది. దానిని దాటిన తరువాత ఒక పేటను తరగడం మానివేసి, దాని కొసను పొడవుగా మిగల్చి, ఆ పేట మీద రెక్‌ఏ అనే మరొక ప్రోటీనును ఎక్కిస్తుంది.

ఈ గుర్తులేని ఫాజ్ డీఎన్ఏ దొరికితే రెక్‌బీసీడీ దానిని తుదిదాకా తరిగివేస్తుంది. తన డీఎన్ఏ అయితే గుర్తు కనిపిస్తుంది కనుక మరమ్మతుకు సిద్ధం చేస్తుంది. పరాయిదాన్ని చంపేదీ సొంతదాన్ని బతికించేదీ ఒకే ఎంజైము. చదివి నడత మార్చుకొనే కత్తెర లేదు. 'కత్తిరిస్తుంది' అన్న ఒక్క క్రియలో విప్పడం, తరగడం, చదవడం, మిగల్చడం అన్న నాలుగు పనులూ మునిగిపోతున్నాయి.

తరువాతి ఘట్టం రెక్‌ఏది. 1965లో ఎ.జె. క్లార్క్, ఆన్ మార్గులీస్ పునస్సంయోజనం చేయలేని ఉత్పరివర్తిత బాక్టీరియాలను వేరుచేశారు. వాటిలో దెబ్బతిన్న జన్యువుకు రెక్‌ఏ అన్న పేరు స్థిరపడింది. దీనికి సంబంధించిన తరువాతి జ్ఞానంలో మన పొరుగు పరిశోధకుల పాలు కూడా ఉంది. బెంగళూరులో కె. మునియప్ప బృందం క్షయకారక మైకోబాక్టీరియాల రెక్‌ఏను దీర్ఘకాలం అధ్యయనం చేసింది. రెక్‌ఏ అణువులు ఒంటి పేట చుట్టూ వరుసగా చుట్టుకొని, దానిని మామూలు పొడవుకు ఒకటిన్నర రెట్లు సాగదీస్తాయి. అలా సాగిన పేట తనకు జతకాగల వరుసను వెతుకుతుంది. ఎషరీషియా కోలైలో వెతకవలసిన రాశి సుమారు 46 లక్షల క్షారజతలు. దొరికిన చోట పాత రెండు పేటల మధ్యకు దూరి, తనకు తగిన పేటతో జతకట్టి, రెండవదానిని పక్కకు నెడుతుంది.

ఇక్కడ కోత ఎక్కడ ఉంది? జిగురు ఎక్కడ ఉంది? ఈ ఘట్టమంతా పోల్చుకోవడం, పేనుకోవడం. చిల్లకూరుకు పడమటి దిక్కున ఉన్న వెంకటగిరి నేతలో దీనికి దగ్గరి పని ఒకటి ఉంది. మగ్గం మీది పడుగు అయిపోయినప్పుడు నేతగాళ్ళు అచ్చులో ఉన్న పాత పోగుల కొసలను తీసివేయరు. కొత్త పడుగులోని ప్రతి పోగును పాత పడుగులో దానికి ఎదురైన పోగుతో వరుస తప్పకుండా పురిపెట్టి కలుపుతారు. దీనిని అచ్చు అతకడం అంటారు. వేల పోగులలో ఒక్కటి పక్కదానితో కలిసినా చీరలో తెలిసిపోతుంది. అతుకులో విలువంతా సరైన జతను పట్టుకోవడంలోనే ఉంది. 'సమజాత పునస్సంయోజనం' అన్న ఆరుమూరల మాట చెప్పదలచినది ఇదే.

పోలికకు హద్దు ఉందని కూడా చెప్పాలి. నేతపనిలో జత కుదిరేది వరుసక్రమాన్ని బట్టి. రెక్‌ఏ చేసేది అక్షరాల పోలికను బట్టి. నేతగాడికి ముందే తెలుసు, రెక్‌ఏ తడిమి చూసి, తప్పితే వదిలి, మళ్ళీ తడుముతుంది. ఈ తేడా చెప్పకుండా పోలికను మాత్రమే చెబితే మనం కూడా కత్తెర రచయితల దారినే పడతాం.

పేనుకున్న రెండు తాళ్ళ మధ్య ఏర్పడే నాలుగు దారుల కూడలిని రాబిన్ హాలిడే 1964లో శిలీంధ్రాల జన్యుశాస్త్రం ఆధారంగా ఊహించాడు. బాక్టీరియాలో రువ్‌ఏ, రువ్‌బీ ప్రోటీన్లు ఆ కూడలిని తాడు వెంట జరుపుతాయి. రువ్‌సీ రెండు పేటలను సమానంగా కోసి ముడి విడదీస్తుంది. మిగిలిన గంట్లను లైగేజ్ పూడుస్తుంది. ఇంత ప్రయాణంలో కత్తెర, జిగురు తమ పేరుకు తగిన పనిచేసేది ఈ చివరి అడుగులోనే.

5. తెంపిన చేయి వదలదు

జిగురు రూపకం పూర్తిగా కూలిపోయే చోటు మరొకటి ఉంది. లాంబ్డా ఫాజ్ బాక్టీరియా క్రోమోసోములో తనను తాను చేర్చుకొనే విధానాన్ని 1962లో అలన్ క్యాంప్‌బెల్ ఊహించాడు. వలయంగా మారిన ఫాజ్ డీఎన్ఏ, క్రోమోసోము మీది ఒక నిర్ణీత స్థానం వద్ద తెగి, దానితో ఏకమై, అందులో భాగంగా ఉండిపోతుంది. 1975లో హోవర్డ్ నాష్ ఈ చర్యను పరీక్షనాళికలో జరిపించాడు. పని చేసేది ఇంటిగ్రేజ్ అనే ఎంజైము.

దాని పనితీరు ఇది. ఇంటిగ్రేజ్‌లో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంటుంది. పేటను తెంపే క్షణంలోనే తెగిన కొస ఆ టైరోసిన్‌కు రసాయన బంధంతో అంటుకుంటుంది. కొస గాలిలో వేలాడదు, తెంపిన చేతిలోనే ఉంటుంది. తెగిన బంధపు శక్తి కూడా ఆ పట్టులోనే నిలిచి ఉంటుంది. తరువాత ఎంజైము ఆ కొసను ఎదుటి డీఎన్ఏ కొసకు అప్పగిస్తుంది, బంధం ఏర్పడుతుంది. అందుకే ఇక్కడ లైగేజ్ అవసరం లేదు, అతకడానికి బయటి శక్తి అవసరం లేదు. లైగేజ్‌కు ఇంధనం కావాలి. ఎషరీషియా కోలై లైగేజ్ ఎన్ఏడీని, టీ4 ఫాజ్ లైగేజ్ ఏటీపీని ఖర్చుచేస్తాయి. ఒకటి విడిపోయినవాటిని కలపడం, మరొకటి విడిపోనివ్వకుండా చేతులు మార్చడం. రెండింటినీ 'అతికించడం' అని ఒకే మాటతో చెబితే ఈ ముఖ్యమైన భేదం పోతుంది. మొదటిదానికి 'పూడ్చడం', రెండవదానికి 'తెంపి అందించడం' అన్న క్రియలు తరగతిలో బాగా పనిచేస్తాయి.

ఈ కుటుంబానికే చెందిన జెర్‌సీ, జెర్‌డీ ఎంజైములు బాక్టీరియా బతుకులో నిత్యావసరాలు. వలయాకార క్రోమోసోములు రెండు పునస్సంయోజనంవల్ల ఒకే పెద్ద వలయంగా కలిసిపోతే కణం విభజన చెందలేదు. 'డిఫ్' అనే 28 క్షారజతల చోట ఈ జంట ఎంజైములు తెంపి అందించి, రెండు వలయాలుగా విడదీస్తాయి. ఇక్కడ అతకడమే విడదీయడం. 'సంయోజనం' అన్న మాట ఈ పనికి నేరుగా ఎదురు నిలుస్తుంది.

6. వ్యాకరణ పరిభాష ఉపయోగపడుతుందా?

తెలుగు శాఖలవారికి సహజంగా వచ్చే ఆలోచన ఒకటి ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణంతో మనకు పరిచితమైన ఆగమ, ఆదేశ, లోపాలు ఇక్కడ సరిపోవా? ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదానిని తొలగించి కూర్చుంటుంది అని వ్యాకరణ సంప్రదాయం చెబుతుంది. లాంబ్డా చేరిక ఆగమం, సమజాత పునస్సంయోజనంలో ఒక జన్యురూపం స్థానంలో మరొకటి రావడం ఆదేశం. ఫలితాలను వర్గీకరించడానికి ఈ మూడు మాటలూ చక్కగా సరిపోతాయి. విద్యార్థి వీటిని పదవ తరగతి సంధులలోనే నేర్చి ఉన్నాడు.

అంతకు మించి లాగకూడదు. సంధి పక్కపక్కన ఉన్న వర్ణాల మధ్య జరుగుతుంది, సూత్రం సార్వత్రికం. పునస్సంయోజనం దూరంగా ఉన్నవాటిని వెతికి కలుపుతుంది, సూత్రం కంటె అవకాశం ఎక్కువ. మన ప్రాచీనులకు జన్యుశాస్త్రం ముందే తెలుసని నిరూపించడానికి ఇటువంటి పోలికలను వాడే ధోరణి కొన్ని వ్యాసాలలో కనిపిస్తున్నది. అది వ్యాకరణానికీ న్యాయం చేయదు, జీవశాస్త్రానికీ చేయదు.

7. రొయ్యల గుంటలో పునస్సంయోజనం

రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వంటి మందులు నిషిద్ధాలు. ఎగుమతి సరుకులో వాటి ఆనవాలు దొరికితే సరుకు తిరిగివస్తుంది. ఈ సంగతి తీరంలో ప్రతి సాగుదారుకూ తెలుసు. అందువల్ల యాంటీబయాటిక్ గురించి తెలుగులో ఏ కరపత్రం రాసినా దాని కేంద్రపదం 'అవశేషం'. మందు రొయ్య ఒంట్లో మిగిలిందా లేదా అన్నదే అందులోని ప్రశ్న. కొన్నాళ్ళు ఆగి పడితే మిగలదు కదా అన్న సమాధానం ఆ ప్రశ్నలోనే దాగి ఉంది.

మిగిలేది మరొకటి ఉంది. 1989లో హాచ్ స్టోక్స్, రూత్ హాల్ వర్ణించిన ఇంటిగ్రాన్ అనే జన్యు నిర్మాణంలో ఒక ఇంటిగ్రేజ్ జన్యువు, దాని పక్కన కొత్త జన్యువులను చేర్చుకొనే స్థానం, వాటిని పలికించే ప్రేరకం ఉంటాయి. ఇంటిగ్రేజ్ 'క్యాసెట్' అనే చిన్న జన్యు వలయాలను తెంపి అందించే పద్ధతిలోనే అక్కడ చేర్చుతుంది. ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్ వంటి మందులను తట్టుకొనే జన్యువులు క్యాసెట్ల రూపంలో దొరికాయి. విబ్రియో జాతుల్లో ఈ నిర్మాణం పెద్దది. కలరాకారక విబ్రియోలో వందకు పైగా క్యాసెట్లు ఒకే చోట బారుగా ఉన్నాయి.

2009లో వెలువడిన ఒక పరిశోధన ఈ కథను మరింత బిగించింది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు ఒంటి పేట మీద రెక్‌ఏ చుట్టుకుంటుందని పైన చూశాం. అలా చుట్టుకున్న రెక్‌ఏ, లెక్స్‌ఏ అనే అణచివేత ప్రోటీను తనను తాను తెంపుకొనేలా చేస్తుంది. అణచివేత తొలగగానే ఆపత్కాల జన్యువులు పనికి దిగుతాయి. ఇంటిగ్రేజ్ జన్యువు కూడా ఈ అదుపులోనే ఉందని ఆ పరిశోధన చూపింది. కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ ఆపత్కాల స్పందనను రేపుతాయి. అంటే గుంటలో చల్లిన మందు బాక్టీరియాను చంపడానికి ప్రయత్నిస్తూనే, బతికినవాటిలో జన్యువులను తెంపి అతికే చేతిని కూడా మేల్కొలపగలదు.

దీనిని మన అలవాటు వచనంలో రాస్తే ఇలా ఉంటుంది: యాంటీబయాటిక్‌ల వినియోగంవల్ల నిరోధక జన్యువుల పునస్సంయోజనం జరుగుతుంది. వ్యాకరణరీత్యా దోషం లేదు. చదివిన సాగుదారుకు మాత్రం ఏమీ అందదు. ఎవరూ ఏమీ చేయలేదు, ఏదో జరిగింది. కత్తెర రూపకం ఇంకా చెరుపు చేస్తుంది. కత్తెరలు శాస్త్రజ్ఞుల దగ్గర ఉంటాయని, తన గుంటలో ఉండవని అతడు అనుకుంటాడు. కర్తను తెచ్చి క్రియలను విప్పి చెబితే వాక్యం మారుతుంది: మందు దెబ్బకు చావని విబ్రియో, దొరికిన చోటునుంచి తట్టుకొనే జన్యువును తెచ్చి తన తాడులో అతుక్కుంటుంది, తరువాత పుట్టే ప్రతి విబ్రియోకూ ఆ అతుకు వారసత్వంగా వస్తుంది. అవశేషం తరుగుతుంది. ఈ అతుకు కణంతో పాటు రెట్టింపవుతుంది.

'క్యాసెట్' అన్న మాట గురించి కూడా ఆలోచించాలి. టేపురికార్డరును చూడని తరానికి ఆ పోలికలోని బలం అందదు. 'పూస' అంటే సరిపోతుందని నా ప్రతిపాదన. విడిగా ఉన్నప్పుడు క్యాసెట్ గుండ్రటి వలయం, చేరినప్పుడు దండలో ఒకటి. కొత్త పూసను ఇంటిగ్రేజ్ సాధారణంగా దండ మొదట్లోనే, ప్రేరకానికి దగ్గరగా చేర్చుతుంది. ప్రేరకానికి దగ్గరున్న పూస గట్టిగా పలుకుతుంది, దూరం పోయేకొద్దీ పలుకు సన్నగిల్లుతుంది. నిన్నటి మందుకు పనికొచ్చిన పూస వెనక్కి జరుగుతుంది, నేటి మందుకు పనికొచ్చేది ముందుకు వస్తుంది. వెనక్కి జరిగినది దండనుంచి జారిపోనక్కరలేదు. మళ్ళీ ఆ మందే చల్లితే, ఇంటిగ్రేజ్ దానిని తెంపి తెచ్చి మొదట్లో గుచ్చగలదు.